దుందుమికి ఎదురుగా

మొన్నీమధ్య కోవిల్‌పట్టి వెళ్ళేసరికి మా ఇంటికి సున్నం వేయిస్తున్నారు. సామానంతా వాకిట్లో ఉంది. ముందు గదిలో మూడు గోడలు తెల్లబడిపోయాయి. నాలుగో గోడ దగ్గర మా అవ్వ ముక్కాలిపీట వేసుకుని కాపలా కాస్తున్నట్టు కూర్చుంది. ఆ గోడకు ఒక కొయ్యమేకు, దాని కింద నూనె పట్టిన మరకలు రెండు, నెలవంకల్లాగా ఎదురెదురుగా ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒక వాద్యం అంచులు రాసుకుని పడ్డ మరకలవి. సున్నం వేసే ఆయన తమిళంలో బతిమాలుతున్నాడు. అంత తెల్లటి గోడలో అది మచ్చలా కనబడుతుందట, చూసినవాళ్ళు తన పనితనాన్నే తప్పుపడతారట. అవ్వ చెవిన వేసుకోలేదు. చివరికి ఆయనే ఓడిపోయి ఆ చోటు వదిలి చుట్టూ వేసుకుంటూ పోయాడు. నన్ను చూసి అవ్వ, "నీవన్నా చెప్పు పాపా, అది మచ్చ కాదని" అంది. నేను తల మాత్రం ఊపాను. తెలియని మనిషితో మాట్లాడటం నాకు ఇప్పటికీ చేతకాదు. సాయంత్రం బస్సులో విరుదునగర్‌కు తిరిగొస్తూ, ఆయనకు చెప్పవలసిందంతా మనసులోనే చెప్పుకున్నాను. నోటితో రానివి కాగితం మీద పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు.

ఆ మేకుకు మా తాత దుందుమి వేలాడేది. పుస్తకాల్లో దేవదుందుభి అని రాస్తారు. మా ఇళ్ళలో నోటికి ఒత్తులు పలకవు కాబట్టి మాకది దుందుమి. నడుము సన్నగా, రెండు ముఖాలూ వెడల్పుగా ఉంటుంది. భుజానికి తగిలించుకుని ఒక ముఖాన్ని వంకర పుల్లతో రాస్తే లోపలి నుంచి మూలుగులాంటి శబ్దం వస్తుంది. రెండో ముఖాన్ని సన్నటి పుల్లతో కొడితే మాటలు వస్తాయి. ఆ మూలుగుకూ ఆ మాటలకూ మా వాళ్ళు ఆడేదాన్ని ఊళ్ళో దేవరాట్టం అంటారు, ఇంట్లో వట్టి ఆట అంటాం. అందులో పాట ఉండదు. కాళ్ళకు గజ్జెలు, చేతికొక గుడ్డ, వరసగా నిలబడటం, అంతే. దుందుమి ఒక మాట అంటే కాళ్ళు దానికి బదులు చెప్పాలి. మొదట నిదానంగా పలకరిస్తుంది, పోనుపోను ఊపిరి తీసుకోనివ్వదు. ఎన్నో తరాల కింద ఉత్తరం నుంచి ఈ నల్లరేగడి నేలకు వచ్చిన మా వాళ్ళు వీధిలో తమిళం మాట్లాడుకుంటూ, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ, మా ఇలవేల్పు జక్కమ్మ గుడి ముందు ఈ ఆట ఆడుకుంటూ వచ్చారు. ఆ తెలుగుకు అక్షరాలు నేర్పినవాళ్ళు లేరు. విరుదునగర్‌కు వచ్చాక పాత వాచకం ఒకటి దొరికితే నేనే కూర్చుని నేర్చుకున్నాను. నా మాట విని ఆంధ్రా నుంచి వచ్చిన స్నేహితురాలు, "అచ్చం మా ముత్తవ్వలా మాట్లాడతావే" అంటుంది.

ఆ రోజుల్లో మా ఇంటికి తెల్లవారడం అంటే వాసనలు రావడమే. వీధి చివర వేరుశనగ మిఠాయి చేసే పాకలో బెల్లం పాకం ఎక్కించేవారు. అమ్మ అక్కడే పని చేసేది. మధ్యాహ్నం ఆమె ఇంటికొస్తే జుట్టులో, కొంగులో, గోళ్ళలో అదే తీపి వాసన. ఆమె చీర ఆరేసిన తాడు మీద చీమలు బారులు తీరి ఉండేవి, మాకు అది వింతగానే తోచేది కాదు. లారీ మీద పోయే నాన్న ఎప్పుడో వచ్చి, రెండు రోజులు నిద్రపోయి మళ్ళీ వెళ్ళేవాడు. అవ్వ ఇంట్లోనే అగ్గిపెట్టెల కంపెనీ వాళ్ళ పని చేసేది. గాళ్ళు కోసిన సన్నటి చెక్కల మీద మందు అంటని పుల్లలను గాడికొకటి చొప్పున పేర్చి, చెక్క మీద చెక్క పెట్టి చట్రం బిగించాలి. బడి నుంచి వచ్చాక నేనూ ఆమె పక్కన కూర్చునేదాన్ని. నా చట్రం కింద ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండేది. పుస్తకం లేకపోతే అమ్మ తెచ్చిన పొట్లం కాగితం ఉండేది. అవ్వకు తెలుసు, కానీ నా పుల్లలు ఆమె పుల్లలతో సమానంగా నడుస్తున్నంత సేపూ ఏమీ అనేది కాదు.

తాత పత్తి మిల్లు గేటు దగ్గర కాపలా పని చేసి మానేసిన మనిషి. పొద్దున్నే టీ కూడా తాగకముందే దుందుమిని మేకు మీద నుంచి దించి, మెత్తటి గుడ్డతో తుడిచి, చర్మాన్ని బొటనవేలితో నొక్కి చూసేవాడు. "ఈ పొద్దు మబ్బుగా ఉండాది, నీ గొంతు దిగుతాది" అని దానికే చెప్పేవాడు. దాన్ని నేల మీద పెట్టడమనేది లేదు. చేతిలో ఉండాలి, భుజాన ఉండాలి, లేకపోతే మేకున ఉండాలి. ఆడవాళ్ళు దాన్ని ముట్టుకునేవారు కాదు. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పగా నేను వినలేదు. అవ్వ బూజు దులిపేటప్పుడు చీపురు దాని చుట్టూ తిరిగి వెళ్ళేది, నేనూ అలాగే తిరిగి వెళ్ళడం నేర్చుకున్నాను.

సాయంత్రాలు మా వీధిలోనే ఆట నేర్పేవాడు. మిల్లుల నుంచి, చేల నుంచి వచ్చిన మగవాళ్ళు ముఖం కడుక్కుని, గుడ్డలు పట్టుకుని వరస కట్టేవారు. గడప లోపల మా పుల్లల పని, గడప బయట వాళ్ళ కాళ్ళ పని. తాత వేగం పెంచితే అవ్వ లోపలి నుంచి, "మెల్లగా, నా పుల్లలు దొర్లిపోతా ఉండాయి" అని కేకవేసేది. ఆమె చేతులు మాత్రం ఆ వేగానికే వెళ్ళేవి. నా చేతులూ అంతే. చదువుతున్న పేజీ మీద కన్ను ఉన్నా ఏ మాటకు ఏ అడుగో నా వేళ్ళకు తెలిసిపోయేది. వినాయకుడి దండకం వచ్చినట్టు అది నాకు వచ్చింది, ఎప్పుడు వచ్చిందో తెలియకుండా.

కానీ ఏడాదికేడాది ఆ వరస కురచబడుతూ వచ్చింది. ఒకరు తిరుప్పూరు బనియన్ కంపెనీకి వెళ్ళారు, ఒకరు శివకాశి అచ్చాఫీసులో చేరారు, ఇంకొకరు లారీ ఎక్కారు. పండక్కి వచ్చినవాళ్ళ కాళ్ళు మొద్దుబారి ఉండేవి. తాతకు మగపిల్లలు లేరు, మా అమ్మ ఒక్కతే. తన తరవాత దుందుమి ఎవరి భుజాన ఎక్కుతుందనేదే ఆయన దిగులు. అది దాచుకునేవాడు కాదు. భోజనం మధ్యలో హఠాత్తుగా, "నేను పోతే దీన్ని ఏం చేస్తారు మీరు?" అనేవాడు. అవ్వ చారు పోస్తూ, "ముందు తిను. పోయేదాన్ని గురించి తరవాత చూద్దాం" అనేది.

జెసింత టీచర్ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. నేను చదివే ఆడపిల్లల బడిలో ఆటల టీచరు ఆమె. బడి వార్షికోత్సవానికి పిల్లలకు దేవరాట్టం నేర్పమని తాతను అడగడానికి వచ్చింది. నేను వంటింటి తలుపు వెనక నుంచి విన్నాను. తరగతిలో హాజరు పలకడానికే నాకు రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చేది, టీచరు ఇంటికి వస్తే ఎదురుపడటమనే ప్రశ్నే లేదు. తాత మర్యాదగానే కాదన్నాడు. ఇది మగవాళ్ళు గుడి ముందు ఆడేదని, ఆడపిల్లలకు, అందులో మా వాళ్ళు కాని పిల్లలకు నేర్పే అలవాటు లేదని చెప్పాడు. టీచరు వాదించలేదు. టీ తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్ళిపోయింది.

ఆ ఏడు జక్కమ్మ పండగకు వరస సరిగ్గా నిలబడలేదు. అడుగులు తెలిసినవాళ్ళు కొందరే, మిగతావాళ్ళు పక్కవాడి కాళ్ళు చూసి ఆడారు. ఆపమని వరసలో పెద్దవాడు చెయ్యెత్తకముందే తాత సగంలో వేగం తగ్గించి, ఎవరికీ తెలియనట్టు ఆట ముగించేశాడు. తెలిసినవాళ్ళకు తెలిసింది. మరుసటి రోజు పొద్దున దుందుమిని తుడుస్తూ దానితో ఏమీ మాట్లాడలేదు. తుడిచి మేకుకు పెట్టి నా వైపు తిరిగి, "మీ టీచరమ్మని రమ్మను" అన్నాడు.

ఆ మాట వీధంతా పాకింది. తాత అన్నగారి కొడుకు, మా చిన్నప్ప మామ, సాయంత్రానికే వచ్చి గడపలో నిలబడ్డాడు. మనిషి మంచివాడే, వరసలో అందరికన్నా ముందు నిలబడేది ఆయనే.

"ఊరి పిల్లోళ్ళకంతా నేర్పిస్తే మనకేం మిగిలేది, చిన్నాయనా?" అన్నాడు.

"నేర్పకుంటే ఏం మిగిలేది? అది చెప్పు, నేర్పేది ఆపేస్తా."

చిన్నప్ప మామ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. చాలా కాలం మా ఇంటికి టీకి రాలేదు.

బడి ఆవరణలో ఎండ తగ్గాక నేర్పడం మొదలైంది. రకరకాల ఇళ్ళ పిల్లలు చేరారు. అందరిలో చురుకైనది మారి అనే పిల్ల. వాళ్ళమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పని చేసేది. లెక్కల్లో ఎప్పుడూ తన్నులు తినే మారి, తాత నోటితో చెప్పే దుందుమి మాటలను ఒక్కసారి వింటే పట్టేసేది. ఆట మొదలుపెట్టే ముందు దుందుమికి వంగి దండం పెట్టాలని, దాన్ని చూస్తూ ఆడాలని, పక్కమనిషి కన్నా ముందు పోకూడదని తాత చెప్పాడు. నన్ను కూడా వరసలో నిలబెట్టారు. అడుగులన్నీ తెలిసీ నేను కదలలేకపోయాను. అందరి కళ్ళూ నా కాళ్ళ మీదే ఉన్నట్టు అనిపించింది. తాత ఒక్క క్షణం చూసి, "పాప నా పక్కన ఉండనీ" అన్నాడు. ఆ రోజు నుంచి నా చోటు ఆయన పక్కన. ఆయన టీకి వెళ్ళినప్పుడు, పిల్లలు అడుగు మరిచిపోతే, దుందుమి మాటలు నేను నోటితో చెప్పేదాన్ని. అవి చెప్పడానికి నాకు సిగ్గు వేసేది కాదు. అవి నా మాటలు కావు కదా.

వార్షికోత్సవం రోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. వేదిక మీద తాతను వెనకవైపు, మైకు పక్కన నిలబెట్టారు. పిల్లలు వచ్చారు. నేర్పినట్టే దుందుమికి దండం పెట్టారు. నేర్పినట్టే దాన్ని చూస్తూ ఆడటం మొదలుపెట్టారు. అంటే హెడ్మాస్టరమ్మకు, పెద్దవాళ్ళకు, కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులకు అందరికీ మొదటి నుంచి చివరిదాకా కనబడింది వీపులే, జడలే. గుడి ముందు అయితే జనం చుట్టూ నిలబడతారు, ఎవరు ఎటు తిరిగినా ఎవరో ఒకరు ముఖం చూస్తారు. వేదికకు ముందు వైపు ఒకటే ఉంటుందన్న సంగతి తాతకు గాని, ఆయన చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లలకు గాని తట్టలేదు. జనం నవ్వారు. తిరగండమ్మా అని తమిళంలో ఎవరో అరిచారు. తాత మాత్రం ఆనందంగా వాయించాడు. ఆయన నిలబడ్డ చోటు నుంచి ముఖాలన్నీ కనబడుతున్నాయి, అడుగులన్నీ సరిగ్గా ఉన్నాయి, అంతకన్నా ఏం కావాలి. దిగివచ్చి, "బాగానే ఆడిరి గదా, ఏందికి నవ్వినారు వీళ్ళు?" అని టీచరును అడిగాడు.

విషయం చెబితే ఆయనకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ వచ్చింది. కుర్చీల్ని చూసి ఆడితే కాళ్ళకు ఎవరు చెప్పాలన్నాడు. మర్నాడు టీచరు పిల్లలను జనం కూర్చునే వైపు తిప్పి ఆడించి చూసింది. దుందుమి కనబడకపోయేసరికి చివర ఉన్న పిల్లలు ఒకరినొకరు తొక్కుకున్నారు. తాత వాయించడం ఆపేశాడు. దుందుమికి వీపు చూపిస్తే తన చెయ్యి ఆడదన్నాడు. అది మొండితనం కాదని నాకు తెలుసు. ఆయన ఆ పిల్లల పాదాలను చూస్తూ వాయించేవాడు. ఒక పిల్ల అలిసిందని కనబడితే రవ్వంత తగ్గేవాడు, ఊపు మీద ఉన్నారంటే ఒక మెట్టు ఎక్కేవాడు. ఆటలో సగం ఆ చూపుల్లోనే ఉండేది.

ఆ పైన ఇంకొక చిక్కు వచ్చింది. విరుదునగర్‌లో బడులకు జానపద నృత్య పోటీ పెట్టారు. మా పిల్లలను పంపాలని జెసింత టీచర్‌కు పట్టుదల. మారి అయితే అప్పటికే తన గజ్జెలు తలగడ కింద పెట్టుకుని పడుకుంటోంది. కానీ వేదిక మీద వాయించేవాళ్ళు కూడా విద్యార్థులే అయి ఉండాలని నిబంధన. టీచరు మళ్ళీ మా ఇంటికి వచ్చి, తాత వాయించింది ఫోనులో పట్టుకుని అక్కడ వినిపిద్దామా అని అడిగింది.

తాత దుందుమి వైపు చూసి, "పట్టుకోవచ్చు టీచరమ్మా. అది పిల్లోళ్ళ కాళ్ళను చూస్తాదా?" అన్నాడు.

 పోటీ వద్దులే, వదిలేద్దాం అని ఆయనే అన్నాడు. టీచరు వెళ్ళిపోయింది. నేను తలవంచుకుని పుల్లలు పేరుస్తున్నాను. ఉన్నట్టుండి అవ్వ తన చట్రం పక్కన పెట్టింది.

"నీకు కండ్లు కనిపిస్తా ఉండాయా లేదా? ఆ పిల్ల వేళ్ళు చూడు" అంది తాతతో.

ఆయన చూశాడు. నా వేళ్ళు ఆగిపోయాయి.

"ఆడపిల్ల" అన్నాడు, మెల్లగా, ఎవరికి చెబుతున్నాడో తెలియనట్టు.

"ఊరి ఆడపిల్లలందరికీ నేర్పిస్తివి. ఇంటి పిల్ల దగ్గరికి వస్తే మాత్రం అడ్డం వచ్చిందా?"

తాత లేచి వీధిలోకి వెళ్ళాడు. చీకటి పడేముందు తిరిగొచ్చి, మేకు మీద నుంచి దుందుమిని దించి నా భుజానికి తగిలించాడు. భుజాన వేసుకునే పటకా నాకు పొడుగైపోయింది, ముడి వేసి కురచ చేశాడు. బరువుగా ఉందా అని అడిగాడు. లేదన్నాను. చాలా బరువుగా ఉంది. మొదటిసారి దాని చర్మం మీద చెయ్యి పెట్టినప్పుడు అది నేను అనుకున్నంత గరుకుగా లేదు. అవ్వ మళ్ళీ చట్రం అందుకుంది, ఏమీ జరగనట్టు.

కొట్టడం నాకు తొందరగానే వచ్చింది, ఆ మాటలు నాకు తెలిసినవే. రాయడమే రాలేదు. వంకర పుల్లను ఎంత నొక్కాలో, ఎప్పుడు వదలాలో బొటనవేలికి తెలియాలి. నా వేలు బొబ్బలెక్కింది. మొదటి వారాల్లో నేను తీసిన మూలుగు విని చిన్నప్ప మామ వీధిలో నిలబడి, "ఎవరింట్లో ఎనుము ఈనుతా ఉండాది?" అని అందరికీ వినబడేలా అడిగాడు. తాత గడపలోంచి, "ఈనితే పాలు వస్తాయి గదా. ఉండు, నీకూ పోస్తా" అన్నాడు. వీధంతా నవ్వింది, మామ కూడా. అలిగి మానేసిన టీకి మళ్ళీ రావడం అప్పుడే మొదలైందని నా లెక్క.

పోటీ రోజున సాత్తూరు మీదుగా బస్సులో వెళ్ళాం. పిల్లలు సాత్తూరులో లేత దోసకాయలు కొనుక్కుని ఉప్పూ కారం అద్దుకుని తిన్నారు. నేను ఏమీ తినలేదు. దుందుమిని కింద పెట్టకూడదు కాబట్టి దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నాను. దాన్ని పట్టుకున్నానో, పట్టుకుని వేలాడుతున్నానో చెప్పలేను. తాత మా వెనక సీటులో తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

విరుదునగర్‌లో అది పెద్ద హాలు. వేదిక మీద వెనకవైపు నిలబడితే పిల్లలు నావైపు తిరుగుతారు, జనానికి మళ్ళీ వీపులే కనబడతాయి. అది ఒక భయం. వాళ్ళ తలల మీదుగా ఆ జనమంతా నాకు కనబడతారన్నది అంతకన్నా పెద్ద భయం. దాక్కోవడానికి చోటు వెతుకుతున్నట్టే హాలంతా చూశాను. న్యాయనిర్ణేతల బల్లకూ వేదికకూ మధ్య, కింద, కొంచెం ఖాళీ ఉంది. అక్కడ నిలబడితే పిల్లలు నన్ను చూస్తారు, నన్ను చూస్తే జనాన్ని చూసినట్టే. నాకు మాత్రం పిల్లలు తప్ప ఎవరూ కనబడరు. జెసింత టీచర్ దగ్గరికి వెళ్ళాను. ఆమె అడగకుండా నేనే వెళ్ళి మాట్లాడింది అదే మొదటిసారి.

"నేను కింద నిలబడతాను టీచర్. జనానికి వీపు పెట్టి."

ఆమె నన్ను చూసింది, వేదికను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. అప్పుడు నవ్విన నవ్వు నాకు బాగా గుర్తు. బల్ల దగ్గరికి తనే వెళ్ళి అనుమతి అడిగి వచ్చింది.

మారి ముందు నిలబడింది. అందరూ వంగి దండం పెట్టారు. నేను పుల్ల ఆనించాను. ఆ తరవాత నాకు హాలు లేదు. పాదాలు ఉన్నాయి, గజ్జెలు ఉన్నాయి, చేతిగుడ్డలు ఒక్కసారే లేచి ఒక్కసారే దిగడం ఉంది. ఒక పిల్ల గజ్జె ఊడబోతుంటే తగ్గించాను, ఆమె సర్దుకోగానే ఎత్తుకున్నాను. వాళ్ళు నన్ను నమ్మి కాలు వేస్తున్నారని తెలుస్తోంది. బడిలో అన్నేళ్ళు ఒక్క ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పని నేను, ఆ వరసంతటినీ నా రెండు పుల్లలతో పట్టుకుని ఉన్నాను. జనం చప్పట్లు కొట్టారట, నేను వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి బహుమతి వేరే బడికి వెళ్ళింది. మాకు వచ్చిన బహుమతిని మారి తిరుగు ప్రయాణమంతా ఎవరినీ ముట్టనివ్వలేదు. తాత మాత్రం బస్టాండులో టీ తాగుతూ, "ఆఖరున తొందరపడితివి" అన్నాడు. ఆ టీ గ్లాసు నాకిచ్చి, దుందుమిని నా దగ్గరి నుంచి తీసుకుని తన భుజానికి తగిలించుకున్నాడు. బస్సు వచ్చేదాకా తనే మోశాడు.

ఇప్పుడు నేను ఉంటున్నది అదే విరుదునగర్‌లో, తాత పోయాక దుందుమి కూడా నాతోనే. చుట్టుపక్కల బడులకు వారానికొక రోజు చొప్పున వెళ్ళి పిల్లలకు ఆట నేర్పుతాను. పక్కా ఉద్యోగం కాదు. వేసవి సెలవుల్లో జీతం రాదు, అమ్మ ప్రతి వేసవికీ బ్యాంకు పరీక్షల మాట ఎత్తుతుంది. ఆట మాత్రం పెరిగింది. కాలేజీ వేడుకల్లో రంగు దీపాల కింద, పెద్ద స్పీకర్లతో ఆడుతున్నారు. ఫోనులో చూసి అడుగులు నేర్చుకుని వస్తున్నారు, అవి తప్పేమీ కావు. మా వీధిలో కురచబడిన వరస ఇంత పొడుగు అవుతుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. అయినా రికార్డు పెట్టుకుని ఆడుతున్న పిల్లలను చూసినప్పుడు, వాళ్ళ కాళ్ళను చూసేవాళ్ళు ఎవరూ లేరే అనిపిస్తుంది. ఎవరో అలిసిపోతారు, అది ఆగదు. ఎవరో ఊపు మీద ఉంటారు, అది పెరగదు. తాతకు గుంపంటే జాలి ఉండేది. ఆ జాలిని ఎలా నేర్పాలో నాకు ఇంకా పూర్తిగా తెలియలేదు.

పోయిన ఏడు తాయిల్పట్టి నుంచి ఒక తల్లి వచ్చింది. బాణసంచా పనికి వెళ్ళే మనిషి, సెలవు పెట్టుకుని వచ్చింది. తన కూతురు చదువు వదిలి ఎగురుతోందని, దీనివల్ల రేపు ఏం వస్తుందో చెప్పమని అడిగింది. నిలదీయడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. పెద్ద మాటలు చెబుదామనుకున్నాను, రాలేదు. మారి తిరుత్తంగల్‌లో ఒక బడిలో ఆట నేర్పుతోందని చెప్పాను. మా వరసలోనే ఆడిన ఇంకొకామె నర్సు అయిందని, ఆమెకు ఆటతో ఇప్పుడు ఏ సంబంధమూ లేదని కూడా చెప్పాను. ఆ తరవాత, "రేపటికి ఏమొస్తుందో తెలియదక్కా. మీ పాప తరగతిలో ఎప్పుడూ చివర కూర్చునేది. ఈ మధ్య లేచి సందేహాలు అడుగుతోందట, వాళ్ళ సైన్సు టీచరు చెప్పారు" అన్నాను. ఆమె వెళ్ళేముందు క్లాసు గుమ్మంలో నిలబడి కూతురు ఆడేది చివరిదాకా చూసింది.

చదువుకు దీని అవసరం ఏమిటి, బతుకుకు ఏమిటి అని సభల్లో మాట్లాడేవాళ్ళు ఉన్నారు, బాగానే మాట్లాడతారు. నేను అలా మాట్లాడలేను. నాకు తెలిసింది మా తాత దగ్గర చూసిందే.

అది నేను కాలేజీలో చదివేటప్పుడు. తాత భుజం అప్పటికే నొప్పి పెడుతోంది. జక్కమ్మ పండగ పొద్దున చిన్నప్ప మామ వచ్చి గడపలో నిలబడ్డాడు. వర్షం గురించి మాట్లాడాడు, మేకల గురించి మాట్లాడాడు. చివరికి చెప్పులు చూసుకుంటూ, "పాపను రమ్మను చిన్నాయనా. నీ భుజం ఆగదు" అన్నాడు. తాత అవ్వ వైపు చూశాడు. అవ్వ నా రవిక చేతులకు ఇస్త్రీ ఉందా లేదా అని చూస్తోంది.

గుడి ముందు జనం చుట్టూ నిలబడ్డారు. దాక్కోవడానికి అక్కడ వీపు పెట్టే చోటు లేదు, అన్ని వైపులా మనుషులే. తాత నా పక్కనే నిలబడితే చాలనుకుని పుల్ల ఆనించాను. మగవాళ్ళు వరస కట్టారు. బడిలో ఆట నేర్చుకున్న అక్కల దగ్గర నేర్చుకుని వచ్చిన కుర్రవాళ్ళు కూడా ఉన్నారు అందులో. నిదానంగా మొదలుపెట్టాను. కొంచెం సేపయ్యాక పక్కకు చూస్తే తాత లేడు. చిన్నప్ప మామ దగ్గర చేతిగుడ్డలు అడిగి తీసుకుని, వరస చివరికి నడుస్తున్నాడు.

ఆయన ఆడగా నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తట్టింది. నేనే కాదు, అక్కడ ఎవరూ చూసినట్టు లేదు. చిన్నవయసులోనే దుందుమి ఆయన భుజాన పడింది, ఆ తరవాత దాన్ని అందుకునే ఇంకో చెయ్యి లేదు. అందరి అడుగులూ నేర్పిన మనిషికి తన అడుగు వేసే వీలు ఒక్క పండగకూ దొరకలేదు. ఆయన మోకాళ్ళు గుర్తొచ్చి వేగం పెంచకుండా ఉండిపోయాను. వరస చివర నుంచి ఆయన నన్ను చూశాడు. పుల్లలు దొర్లినప్పుడు అవ్వ నన్ను చూసే చూపు అది. పెంచాను. ఆయన గుడ్డలు మిగతావాళ్ళవాటితో కలిసి లేచాయి. ఇంకా పెంచాను. తెల్లచొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. ఒక తిరుగుడులో తడబడి, తనలో తాను నవ్వుకుని, పక్కవాడిని చూసి మళ్ళీ కలిశాడు.

నా వెనక ఆడవాళ్ళ మధ్య నిలబడ్డ అవ్వ గొంతు వినబడింది. పక్కన ఎవరితోనో చెబుతోంది.

"పెండ్లైన నాటి నుంచి ఈయప్ప ఆడేది నేను చూసింది లేదు. బాగానే ఆడతా ఉండాడే."

వరసలో పెద్దవాడు చెయ్యెత్తితేనే దుందుమి ఆగాలి. ఆ రోజు వరసలో పెద్దవాడు ఆయనే. నా బొటనవేలు మండుతోంది, ఆయన ఊపిరి ఎగదన్నడం నాకు కనబడుతోంది. ఆయన చెయ్యెత్తలేదు. నేను ఆపలేదు.